పాట అంటే సాంగే కదా!

వేలంపాటను తెలుగులో పాడటం వెంటనే నిషేధించాలి! కోపం తెచ్చుకోకండి. చిత్తూరులో ముప్పయ్యేళ్లు పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. భాష విలువ నాకు తెలియదా?

మామిడికాయల మండీ యజమాని చెంగల్రాయుడు కిందటి నెల మా ఇంటికొచ్చాడు. "సార్, మన మండీ ఇంటర్నేషనల్ లెవెల్‌కి పోవల్ల. వేలం మాటలు నాలుగు ఇంగ్లీషులో నేర్పించండి" అన్నాడు. ఎంత ముందుచూపు! షెడ్డు రేకులు ఎగిరిపోయాయి, కాటా సరిగ్గా తూగదు, రైతులకు తాగడానికి నీళ్లు లేవు. అవన్నీ నిదానంగా చూసుకోవచ్చు. ముందు భాష బాగుపడాలి కదండీ!

మొదటి పాఠం 'అండర్ ద హ్యామర్'. సరుకు వేలానికొస్తే సుత్తి కిందికొచ్చిందంటారు ఇంగ్లీషువాళ్లు. మర్నాడే ఆయన సుత్తి కొన్నాడు. బల్ల లేదు కాబట్టి ప్లాస్టిక్ క్రేటు మీద కొట్టాడు. క్రేటు రెండు ముక్కలైంది. అయితేనేం, మండీకి గౌరవం పెరిగింది! ఆయన నోరు తెరిస్తేనే సుత్తి, మళ్లీ ఇనుపది దేనికి అని నా భార్య అంది. ఆమెది తెలుగు మీడియం లెండి.

తర్వాత 'గోయింగ్, గోయింగ్, గాన్'. ఇదివరకు ఒకటోసారి, రెండోసారి అని అరిచేవాళ్లు. ఎంత ప్రమాదం! మూడోసారి అనేలోపే రైతుకు విషయం బోధపడి "ఆగప్పా, ఆ రేటుకు నేనియ్యను" అనేసేవాడు. ఇప్పుడా తలనొప్పి లేదు. గోయింగ్ అనగానే ఎవరో వెళ్తున్నారనుకుని, పాపం, పక్కకు జరిగి దారిస్తున్నారు.

ధర మాత్రం వ్యాపారులు రైతుకు కనబడకుండా తువ్వాల కింద వేళ్లు పట్టుకునే తేల్చుకుంటున్నారు. మరి సంప్రదాయాన్ని వదులుకోమంటారా?

మొన్న నగరి వైపు నుంచి మునిరత్నమ్మ ట్రాక్టరు నిండా తోతాపురి కాయలు తెచ్చింది. జ్యూస్ ఫ్యాక్టరీ గేటు ముందు రెండు రోజులు నిలబెట్టి వెనక్కి పంపేశారట. అడుగున ఉన్న కాయలు అప్పటికే మెత్తబడ్డాయి. ఆ పూట అమ్ముడుపోకపోతే ఏడాది కష్టం పెంటలోకే.

తువ్వాల కింద వేళ్లు కదిలాయి. చెంగల్రాయుడు వ్యాపారుల వైపు చూసి నవ్వి, నేను రాసిచ్చిన కాగితంలోంచి మైకులో గట్టిగా చదివాడు: "గోయింగ్ ఫర్ ఎ సాంగ్!"

"ఏమంటా ఉండాడు సార్?" అని మునిరత్నమ్మ నన్నడిగింది.

సాంగ్ అంటే పాట. పాటకు పోవడమంటే వేలానికి పోవడం. ఆ ముక్క ఎక్కడో చూసి అలాగే రాసిచ్చాను. దీనికి డిక్షనరీ కూడానా? "నీ కాయలు పాటకు పోతున్నాయంటున్నాడమ్మా. మంచి మాటే" అన్నాను.

"మీరు సదువుకున్నోళ్లు. కానీయమనండి" అని తలూపింది. సుత్తి పడింది. కిలో రెండు రూపాయలు.

ఆమె ముఖం చూసి నాకేదో అనుమానం వేసింది. అక్కడే ఫోన్ తీసి వెతికాను. కారుచౌకగా పోవడమట! అంటే ఆ మనిషి నిలువునా ముంచుతూ, ఆ సంగతి మైకులో బాహాటంగా చెప్పాడు. అబద్ధం చెప్పింది నేను. సిగ్గుతో చచ్చిపోయాను. వెళ్లి ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాను.

మునిరత్నమ్మ మెత్తబడ్డ కాయ ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.

"ఆ మాటేదో తెలుగులో చెప్పింటే బండి తిప్పుకోని పోయింటాను కదా సార్! ఊళ్లో ఆవులకన్నా పెట్టింటాను."

చూశారా పాఠకులారా, ఎంత గండం తప్పిందో! తెలుగులో చెప్పి ఉంటే సరుకంతా ఆవుల పాలయ్యేది. అందుకే మళ్లీ మనవి చేస్తున్నాను, వేలం ఇంగ్లీషులోనే జరగాలి. అమ్మేవాళ్లకు అర్థమయ్యే భాషలో అమ్మితే, కొనేవాళ్లు ఎలా బతుకుతారు చెప్పండి?