కంటికి ఆనని పొర

కరెంటు పోయినా తనకు చెప్పిన మాట మరిచిపోని ఆక్సైడు పొరను మా పరిశోధనా సంస్థ విజయవంతంగా పెంచిందనీ, దాన్ని మంత్రిగారు గురువారం ప్రజల సమక్షంలో కళ్లారా చూసి ఆనందిస్తారనీ డైరెక్టరుగారు ప్రకటించారు. పొర మందం వెంట్రుకలో ఎనిమిదివేలో వంతు. ఈ ఒక్క చిక్కు తప్పిస్తే ఏర్పాట్లన్నీ సవ్యంగానే ఉన్నాయి.

దాన్ని పెంచినావిడను అందరూ పొరల మేడమ్ అంటారు. గాలి తోడేసిన ఉక్కు పాత్రలో ఆక్సైడు బిళ్ళను లేజరుతో కొడితే, లేచిన ఆవిరి ఎదురుగా ఉన్న వేడి పలక మీద పొరగా పేరుకోవాలి. నలభై ఒక్కసార్లు అది సరిగ్గా పేరుకోనంది. ఆవిడా, గాలి తోడే యంత్రాన్ని కనిపెట్టుకుని ఉండే పంపు బాబాయీ కలిసి నాలుగేళ్లు దాన్ని బతిమాలారు. నలభై రెండోసారి కరుణించింది. పరీక్ష ఫలితం చూసి బాబాయి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

బుధవారం డైరెక్టరుగారు తనిఖీకి వచ్చారు.

“ఏదమ్మా పొర?”

“ఇదేనండీ.”

“ఇది పలక కదా?”

“పలక మీదుందండీ. కంటికి ఆనదు.”

డైరెక్టరుగారు శాస్త్రీయ దృక్పథం గలవారు. ఉందో లేదో తేల్చుకోవడానికి కారు తాళంచెవితో అటూ ఇటూ గట్టిగా గీకి చూశారు. అంతకుముందు ఉండేది, ఇప్పుడు లేదు. మేడమ్‌కు నోట మాట రాలేదు. ఆ మౌనాన్ని అంగీకారంగా నమోదు చేయించారు.

వెంటనే అత్యవసర సంఘం కూర్చుంది. కనిపించని విజయం సంస్థ ప్రతిష్ఠకు తగదని తీర్మానించింది. బయట గేటుకు రంగు వేస్తున్న పెయింటరును లోపలికి పిలిపించారు. అతను పలకకు నీలం రంగు పూసి వెళ్లాడు.

గురువారం మంత్రిగారు పలకను చూసి పులకించారు. “ఎంత నీలం! ఎంత పలుచన! మన వల్ల మన జాతి ఇంత పలుచనైందంటే నాకెంతో గర్వంగా ఉంది!”

పొరల మేడమ్ లేచి మైకు అందుకుంది. “అయ్యా, అది గేటు రంగండీ. అసలు పొరను నిన్న గీకేశారు.”

“నిజమేనండీ, నేనక్కడే ఉన్నాను,” అన్నాడు వెనక వరుసలోంచి బాబాయి.

అందరూ డైరెక్టరుగారి వైపు తిరిగారు. మంత్రిగారే తేరుకున్నారు. “చూశారా వినయం! నాలుగేళ్ల కష్టాన్ని పట్టుకుని గేటు రంగంటోంది!” హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. విలేఖరులు గేటు దగ్గరున్న పెయింటరును చుట్టుముట్టారు. “రెండు కోటింగులండీ. ఆరేదాకా ముట్టుకోకూడదు,” అన్నాడతను. మర్నాడు పత్రికల్లో ‘పొర పెంపకంలో రెండు దశలు: నిపుణుడి వెల్లడి’ అని వచ్చింది.

ఆ సాయంత్రమే మేడమ్ ఉద్యోగం మానేద్దామని సంచీ సర్దుకుంది. బాబాయి పంపు శబ్దం వింటూ, “అమ్మాయ్, ఇవాళ పాత్రలో గాలి బాగా దిగింది. బిళ్ళ కూడా లోపలే ఉంది. నీ ఇష్టం,” అన్నాడు. ఆవిడ గుమ్మంలోనే సంచీ కింద పెట్టింది.

మూడు వారాలకు పొర మళ్లీ పేరుకుంది. దాన్ని చిన్న పరికరంలో బిగించి, ఒక సంఖ్య అప్పజెప్పి, కరెంటు తీసి మళ్లీ ఇచ్చారు. పరికరం ఆ సంఖ్యే చెప్పింది. ఇద్దరూ గట్టిగా నవ్వుకున్నారు. డైరెక్టరుగారికి మాత్రం చెప్పలేదు.

నీలం పలకకు ఇప్పుడు ప్రత్యేక మందిరం కట్టారు. అసలు పొర పక్క గదిలోనే ఉంటుంది. తలుపు తీసే ఉంటుంది. అడిగితే బాబాయి ఓపిగ్గా వివరిస్తాడు. ఇప్పటికి ఇద్దరు వెళ్లారు. ఒకరు దారి తప్పి వెళ్లారు, రెండోవారు మరుగుదొడ్డి ఎక్కడని అడగడానికి. మొన్న మీరూ వచ్చారుగా, నీలందాని పక్కన నిలబడి ఫొటో కూడా దిగారు. బాగా వచ్చిందా?