స్థానిక పరిస్థితులను బట్టి

1994 అక్టోబరు చివరి సోమవారం ఉదయం సరోజినీ నగర్ క్వార్టర్లో పెసరట్టు తింటూ, ఒక అధికారికి లేని అధికారం ఉందని ఎలా చెప్పాలా అని భీమశంకరం ఆలోచిస్తున్నాడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆయన చేస్తూ వచ్చింది దీనికి సరిగ్గా తిరగేసిన పని.

ఆయన ఢిల్లీ కంటోన్మెంటు శివార్లలో ఉన్న ఒక ఆర్మీ డిపోలో హెడ్ క్లర్కు. అక్కడ అందరూ బడేబాబు అంటారు. డిపోకు రెండేళ్లకొక కమాండరు వస్తాడు. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఏదో ఒక రూలు మార్చి తన పేరు నిలబెట్టుకోవాలని ఉబలాటం. భీమశంకరం రూల్సు పుస్తకం తెరిచి, పేరా మీద వేలు పెట్టి, "ఇది మార్చే అధికారం ఢిల్లీకే ఉంది సార్" అనేవాడు. మనం ఉన్నది ఢిల్లీయే కదా అని ఎవరైనా అంటే, "ఈ ఢిల్లీ కాదు సార్, ఆ ఢిల్లీ" అని పుస్తకం మూసేసేవాడు. ఆ మూసే చప్పుడంటే ఆయనకు మహా ఇష్టం.

అలాంటి మనిషికి శుక్రవారం నాడు ఆ ఢిల్లీ నుంచే బదిలీ ఉత్తర్వు వచ్చింది. డిసెంబరు ఒకటికల్లా అస్సాంలోని తేజ్‌పూర్‌లో చేరాలి. కూతురు నేహా పన్నెండో తరగతి, బోర్డు పరీక్షలు మార్చిలో. బదిలీ ఆపమని కమాండరు పైకి సిఫారసు చేయగలడు. ఆ సిఫారసుకు జవాబు వచ్చే యేడు దీపావళికి రావచ్చు. కమాండరు తన సంతకంతోనే ఆపితే తప్ప దారి లేదు, అలా ఆపే అధికారం ఆయనకు లేదు. నిరుడు స్టోర్‌కీపరు త్యాగరాజు ఇలాగే అడిగితే, "కమాండరుకు అధికారం లేదు" అని రాసి కింద రెండు గీతలు కొట్టింది భీమశంకరమే.

"వెళ్లి నోరు తెరిచి అడగండి. ఆయనా మన తెలుగాయనేగా," అంది అన్నపూర్ణేశ్వరి, ఇంకో అట్టు వేస్తూ.

"అడగడానికేముందే. ఆపడానికి రూలు లేదు."

"పుస్తకమంతా కంఠతా పట్టారుగా. ఒక్కటి వెతకలేరా?"

నేహా కెమిస్ట్రీ పుస్తకంలోంచి తలెత్తింది. ఆ పిల్లకు తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే. "పాపా, మై తేజ్‌పూర్ నహీ జా రహీ. బస్," అని, రానంటే రానని తేల్చేసి, మళ్లీ తల దించుకుంది. ఆ దించుకోవడం చూసి తండ్రి అట్టు పక్కకు జరిపాడు.

ఇప్పటి కమాండరు బ్రిగేడియర్ విష్ణువర్ధన్‌ది అనంతపురం. పుట్టింది మొదలు కంటోన్మెంట్లలో పెరిగినా తెలుగు మాత్రం సీమదే మిగిలింది. వచ్చిన మూడు నెలల్లో పదకొండు రూళ్లు మారుస్తానన్నాడు. పదకొండింటికీ భీమశంకరం వేలు పెట్టి చూపించాడు. ఇప్పుడు ఆయనను మంచి చేసుకోవాలంటే, ముందు అధికారం రుచి కొంచెం చూపించి, ఆ హుషారులో తన అప్లికేషను మీద సంతకం పెట్టించాలి. ఇదీ పథకం.

"సార్, మీరు మార్చగలిగేది ఒకటి దొరికింది," అన్నాడు పదిన్నరకు.

బ్రిగేడియర్ కుర్చీలో ముందుకు జరిగాడు. "నిజంగానా బడేబాబూ? ఎవర్నీ అడగకుండా నేనే మార్చొచ్చా?"

"చలికాలం యూనిఫాం నవంబరు ఒకటిన మొదలెట్టాలి సార్. 'స్థానిక పరిస్థితులను బట్టి కమాండరు దీనిని పదిహేను రోజులు జరపవచ్చు' అని ఉంది. ఎండలింకా బాగానే ఉన్నాయి కదండీ."

బ్రిగేడియర్ ఆ వాక్యం మూడుసార్లు చదివాడు. ఆర్డరు టైపయి వచ్చేసరికి పెన్ను మూత తీసి సిద్ధంగా ఉన్నాడు. సంతకం సగం పేజీ ఆక్రమించింది.

"ఇది కూడా ఒకసారి చూస్తే..." అని భీమశంకరం తన అప్లికేషను జరిపాడు.

"పెట్టిపో, రేపు చూస్తాలే. ఈ పూటకి నన్నిట్లే ఉండనీప్పా. ఆ పుస్తకం గూడా ఇచ్చిపో."

అదే కొంప ముంచింది. స్థానిక పరిస్థితులను బట్టి అన్న మాట ఆ పుస్తకంలో ఎక్కడెక్కడ ఉందో మర్నాటికల్లా బ్రిగేడియర్ పెన్సిలుతో గీతలు గీసి పెట్టుకున్నాడు.

నవంబరు మొదటి వారంలో తెల్లవారుజామున చలి మొదలైంది. ఆరింటికి పొట్టి చేతుల చొక్కాలతో వ్యాయామం చేస్తూ జవాన్లు తుమ్మసాగారు. యూనిఫాం తేదీ మళ్లీ ముందుకు తెద్దామా అన్నాడు బ్రిగేడియర్. భీమశంకరం నోరు ఊరుకోలేదు. "జరపవచ్చు అని ఉంది గానీ సార్, జరిపింది వెనక్కి తేవచ్చు అని లేదండీ," అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు గానీ అప్పటికే ఆలస్యమైంది.

"అయితే వ్యాయామాన్నే జరుపుదాం. వేళలు స్థానిక పరిస్థితులను బట్టి అని నలభై మూడో పేరాలో ఉంది," అన్నాడు బ్రిగేడియర్. పేరా నంబరు ఒక కమాండరు తనకు చెప్పడం భీమశంకరానికి అదే మొదటిసారి. ఒళ్లు జలదరించింది.

వ్యాయామం మధ్యాహ్నం పన్నెండుకు మారింది. దాంతో భోజనం రెండున్నరకు పోయింది. అంతసేపు ఆకలికి ఆగలేమని జవాన్లు మొరపెట్టుకుంటే, తొమ్మిదింటి టీ పదకొండుకు వచ్చి, దానికి సమోసా తోడైంది. రోజూ పదకొండుకే సరుకు లారీలు వస్తాయి. సరుకు చూసుకుని దింపించాల్సిన త్యాగరాజు మనుషులు ఆ వేళకు సమోసాల దగ్గర ఉన్నారు. అందుకని లారీల గేటు మూడింటికి తెరవాలని ఇంకో ఆర్డరు వచ్చింది. లారీలవాళ్లకు ఆ ఆర్డరు ఎవరూ పంపలేదు. వాళ్లు పదకొండుకే వచ్చి, రోడ్డు పొడుగునా బారులు తీరి, స్టవ్వులు వెలిగించుకుని రోటీలు కాల్చుకోసాగారు.

ప్రతి ఆర్డరూ భీమశంకరమే టైపు చేశాడు. ప్రతిదాని కింద పేరా నంబరు వేశాడు. ప్రతిదాన్నీ బ్రిగేడియర్ బల్ల మీద, తన అప్లికేషను పైన పెట్టాల్సి వచ్చింది. అది రోజుకు కొంత కిందికి దిగిపోతూ ఉంది.

"సార్, నా కాగితం..."

"నీది చిన్న పని బడేబాబూ. ముందు ఆ లారీల సంగతి చూడు."

త్యాగరాజు ఒకరోజు వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. "నిరుడు నా విషయంలో కమాండరుకు లేదన్న అధికారం, ఈ యేడు ఈయనకి బాగానే వచ్చినట్టుందండీ," అన్నాడు. భీమశంకరం టైపు మిషనులో కొత్త కాగితం ఎక్కించాడు. సిగ్గుగానే అనిపించింది. అయినా నేహా ముఖం గుర్తొచ్చి మళ్లీ మీటలు నొక్కాడు.

నవంబరు పద్నాలుగున మబ్బులు పట్టి సన్నటి వాన మొదలైంది. స్వెటరు లేకుండా బయట నిలబడలేని చలి. ఆ రోజే, చెప్పాపెట్టకుండా, జనరల్ గారు తనిఖీకి బయలుదేరారు. ఆయన కారు అరవై లారీల వెనక ఆగిపోయింది. ఒక డ్రైవరు కిటికీలోంచి గ్లాసుతో టీ అందించి, "గేటు మూడింటికే సాబ్, తొందరేం లేదు" అన్నాడు. జనరల్ కారు దిగి, వానలో ముప్పావు మైలు నడిచి, పన్నెండూ పదికి డిపోలో అడుగు పెట్టారు. మైదానంలో రెండు వందల మంది జవాన్లు నిక్కర్లతో, బనీన్లతో, వణుకుతూ పరుగెత్తుతున్నారు.

ఆయన తడి బూట్లతో ఆఫీసుకు వచ్చి అడిగిన మొదటి ప్రశ్న, "ఇదంతా ఎవరి అధికారంతో?"

బ్రిగేడియర్ ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు నాలుగు ఆర్డర్లూ వరసగా పేర్చాడు. జనరల్ నిలబడే చదివారు. చదువుతున్నంతసేపూ ఆయన టోపీ నుంచి నీళ్లు కార్పెట్టు మీద పడుతూనే ఉన్నాయి.

"ఒక్కొక్కటీ రూలు ప్రకారమే ఉంది. నాకు భయం వేస్తున్నదీ అందుకే," అన్నారు చివరికి. "వీటిని టైపు చేసిందెవరు?"

గదిలో అందరూ భీమశంకరాన్ని చూశారు. ఆయన లేచి నిలబడ్డాడు.

కమాండరు ఎంతవరకు రూళ్లు మార్చవచ్చో తేల్చడానికి విచారణ జరగాలని జనరల్ అక్కడికక్కడే ప్రకటించారు. బ్రిగేడియర్ ముఖం నల్లబడింది. రెండు వారాల సంబరం ఒక్క నిమిషంలో ఎగిరిపోయేసరికి ఆయనకు కోపం ఎవరిమీద చూపాలో తోచలేదు. కాగితాల దొంతర అడుగు నుంచి అప్లికేషను లాగి, ఎర్ర సిరాతో అడ్డంగా రాశాడు. తిరస్కరించడమైనది. ఈ సాయంత్రం బండికే తేజ్‌పూర్ బయలుదేరాలి.

"తీసుకోప్పా. దీనికి మాత్రం నాకు అధికారముందిలే."

భీమశంకరం కాగితం తీసుకుని చదివాడు. డిసెంబరు ఒకటి దాకా ఉన్న గడువు కూడా పోయింది. ఇంటికి వెళ్లి ఆ పిల్లకు ఏమని చెప్పాలో అర్థం కాలేదు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆయనకు ఒక్క పేరా కూడా గుర్తు రాలేదు.

జనరల్ ఆ కాగితం అందుకుని చదివి, రెండుగా చింపారు. "వీల్లేదు. ఈయన ముఖ్య సాక్షి. విచారణ పూర్తయ్యేదాకా సాక్షి ఈ ఊరు దాటకూడదు. బదిలీ ఉన్నా సరే."

"సార్, స్థానిక పరిస్థితులను బట్టి..." అనబోయాడు బ్రిగేడియర్.

"అది నువ్వూ మార్చలేవు, నేనూ మార్చలేను."

ఆ సాయంత్రం అన్నపూర్ణేశ్వరి సంగతంతా వింది. "అంటే ఈ విచారణ ఉన్నన్నాళ్లే మనం ఇక్కడ ఉంటాం, అంతేనా?"

"అంతే."

"అయితే నెమ్మదిగా కానివ్వండి," అంది.

విచారణకు వచ్చిన కల్నల్ చాదస్తపు మనిషి. ప్రతి వాంగ్మూలం ఏడు కాపీలు కావాలి, ప్రతి వాక్యానికీ పేరా నంబరు ఉండాలి. డిపోలో ఆ పని చేతనైనవాడు ఒక్కడే. అందుకని భీమశంకరం పొద్దున సాక్షిగా వాంగ్మూలం ఇచ్చి, మధ్యాహ్నం దాన్ని తనే టైపు చేసి, మర్నాడు అందులో తప్పులున్నాయని తనకే తిప్పి పంపుకునేవాడు.

నేహా ఆఖరి పరీక్ష మార్చి ఇరవై ఏడున అయింది, విచారణ ఆఖరి పేజీ ఇరవై ఎనిమిదిన టైపయింది.