జనం అందినట్లు సంతకం

కొరియర్ డ్రైవర్ల ఆదాయాన్ని ఆరు నెలల్లో రెట్టింపు చేయలేకపోతే మంత్రి పదవిని గడ్డిపోచలా వదిలేస్తానని గౌరవ మంత్రివర్యులు మధుసూదన్ గారు గద్వాలలో ప్రకటించారు. హాలు చప్పట్లతో మారుమోగింది. ఇదే పదవిని ఆయన ఇంతకుముందు గొర్రెల కాపరుల కోసం ఒకసారి, బ్యాండుమేళం వాళ్ల కోసం ఒకసారి గడ్డిపోచ చేశారు. అంత గట్టి గడ్డిపోచను నా విలేకరి జీవితంలో చూడలేదు.

డ్రైవర్లకు ఆ రోజే ఉచిత శిక్షణ. ఆదాయం పెంచే ప్రాక్టికల్ సూత్రాలు మంత్రిగారే సెలవిచ్చారు. బండి ఖాళీగా నడపరాదు. ఎక్కిన ప్రతిదీ పార్శిలే అనుకోవాలి. అందినట్లు సంతకం లేనిదే దేన్నీ అప్పగించరాదు.

వెనక వరుసలోంచి పాండు లేచాడు. గద్వాల చీరలను డీసీఎం వ్యానులో వనపర్తికి, నాగర్‌కర్నూల్‌కు చేరవేసే డ్రైవరు.

"సార్, రోడ్డు జర మంచిగ చేపియ్యుండ్రి. ఒక్క ట్రిప్పు కొట్టే కాడ రెండు కొడ్త."

"రోడ్డు నా శాఖ కాదు," అన్నారు మంత్రిగారు. "నీ ఆదాయం నా శాఖ."

శాఖల గురించి ఇంత స్పష్టత ఉన్న మంత్రి దొరకడం పాలమూరు అదృష్టం. పేపరుకు అలాగే రాసి పంపాను.

మర్నాడు పొద్దున పాండు బండెక్కాను. నాగర్‌కర్నూల్లో మంత్రిగారి సభ ఉంది, మా పేపరుకు బస్సు చార్జీలు ఇచ్చే అలవాటు లేదు. వెనక ఒకే ఒక్క మూట, అదే ఊళ్లో పెళ్లివారి చీరలు. పన్నెండు గంటల ముహూర్తం. ఆ లోపల అందకపోతే ఈ లైను ఇంకొకరికి ఇచ్చేస్తానని ఏజెన్సీ సేటు ముందే చెప్పాడు. లైను పోతే పాండు ఇంట్లో పొయ్యి వెలగదు.

బండి స్టార్టు చేసేలోగా మంత్రిగారి పార్టీ కార్యకర్త శంకరయ్య అడ్డం నిలబడ్డాడు. అతని వెనక ముప్పై మంది.

"వీళ్లను సభకు తోల్కపో పాండూ."

"అన్నా, పెండ్లి చీరెలున్నయి. లేటయితది."

"చీరెలు జిందాబాద్ అంటయా?"

"అనయి."

"మరి? ఖాళీగ పోవద్దని నిన్ననే గద సార్ చెప్పిండు. కిరాయి గాడ మనోళ్లు ఇస్తరు."

మంత్రి మాట మంత్రి మాటే. పాండు రసీదు పుస్తకం తీశాడు. పంపినవారు శంకరయ్య, అందుకొనువారు మంత్రిగారు, సరుకు జనం.

"పగిలే సామాను ఏమన్న ఉన్నదా?" అని పద్ధతి ప్రకారం అడిగాడు.

"నా మోకాళ్లు రాసుకో బిడ్డా," అంది అనంతమ్మ. మగ్గం గుంటలో కూర్చుని సగం జీవితం గడిపిన మనిషి.

వనపర్తిలో మంత్రిగారి రోడ్ షో. జనం చాలక మా జనాన్ని గంటసేపు వాడుకున్నారు. పాండు స్టీరింగ్ వదలకుండా గడియారం చూస్తూ కూర్చున్నాడు. అతని మొహం చూస్తే నాకు బాధేసింది. అది మాత్రం పేపరుకు రాయలేదు.

నాగర్‌కర్నూల్ సభ గేటుకు చేరేసరికి పదకొండున్నర. అక్కడి నాయకుడు వెంకటన్న వెనక డోరు తీయబోతే పాండు రసీదు ముందు పెట్టాడు.

"సంతకం పెట్టన్నా, దించుత."

"సంతకం ఏందిరా? వీళ్లు స్వచ్ఛందంగ తరలివచ్చిన ప్రజలు. సంతకం పెడ్తె మేం తెప్పించినట్టయితది."

"పెట్టకుంటే దించను. సారే చెప్పిండు."

"పెట్టను. ఏం చేస్తవు?"

"గట్లయితే వాపస్."

బండి తిప్పాడు. పెళ్లి మండపం దారిలోనే ప్రతిపక్షం వాళ్ల నిరసన టెంటు ఉంది. టెంటు కింద ఇద్దరు నాయకులు, ఒక మైకు. నిండు బండిని చూసి అందులో ఒకాయన చెయ్యెత్తి ఆపాడు.

"ఎవరి మనుషులయ్యా?"

"సంతకం పెట్టెటోళ్ల మనుషులు," అన్నాడు పాండు.

ఆయన అక్కడికక్కడే సంతకం పెట్టాడు, కిరాయి కూడా ఇచ్చాడు. జనం దిగారు. అనంతమ్మ తన చేతిలో పెట్టిన కొత్త జెండాను తిప్పి తిప్పి చూసింది.

"మనది గీ రంగేనా బిడ్డా?"

"నీడున్నది, కూసో అవ్వా," అన్నాడు పాండు.

చీరలు ముహూర్తానికి అందాయి. పాండు మండపం మెట్ల మీదే కూలబడి చెంబెడు నీళ్లు తాగాడు. లైను నిలిచింది. నాకూ ప్రాణం లేచి వచ్చింది.

నేను సభకు తిరిగి వచ్చేసరికి మంత్రిగారు ఖాళీ కుర్చీలకు ఆదాయ మార్గాలు బోధిస్తున్నారు. ఒక్క కుర్చీ కూడా మధ్యలో లేచిపోలేదు. ఇంతలో అవతలి టెంటులోంచి జిందాబాద్‌లు వినిపించాయి. మంత్రిగారు ఉపన్యాసం ఆపి పీఏను పిలిచారు.

"ఎవరు వాళ్లు?"

"మన శంకరయ్య పంపినోళ్లే సార్."

"ఎవరు పంపితేంది? ప్రజలు అటు పోయిండ్రు గద," అని మంత్రిగారు దీర్ఘాలోచనలో పడ్డారు.

సాయంత్రం, జనాన్ని టెంటువాళ్లు ఉంచేసుకోగా, పాండు ఖాళీ బండితో బయల్దేరబోతుంటే మంత్రిగారు ఎర్రబుగ్గ కారు లేకుండా, కండువా జేబులో కుక్కుకుని, ఒక్కరే నడిచి వచ్చారు. పాండు చేతులు జోడించాడు.

"తప్పయింది సార్."

"తప్పేం లేదు. వాళ్లను దించిన కాడ నన్ను గూడ దించు. ఎవరికీ తెల్వద్దు."

ముందు సీట్లో నేనున్నాను. మంత్రిగారు వెనక ఎక్కి, గోనెసంచి పరచుకుని కూర్చున్నారు.

టెంటు దగ్గర పొద్దున సంతకం పెట్టిన ఆయన డోరు తీసి లోపలికి చూశాడు. కాసేపు చూసి మళ్లీ వేసేశాడు.

"మాకు జనం తక్కువ గని లీడర్లు తక్కువ లేరు. తీస్కపో," అన్నాడు.

వనపర్తి దాటాం. అప్పుడు పాండు నా వైపు వంగి మెల్లగా అడిగాడు.

"అన్నా, ఈయనను గద్వాలల ఎవరు దించుకుంటరు?"