పందికొక్కు కోసం తెచ్చిన గుండ్లు

ఆ ఉదయం లాజరు వేసుకున్న పథకం చిన్నదే. విత్తనానికి దాచిన వేరుశనగ మూటను కొట్టుగదిలోంచి తెచ్చి వసారాలో పెట్టాలి. కొత్త గుండ్లను పరీక్షించాలి. సాయంత్రం ఆ ఖాళీ గదిలో కాపు కాసి పందికొక్కును చంపాలి.

పోయినేడు వాన మొహం చాటేసింది. కోయిలకుంట్ల చుట్టుపక్కల అందరి గతీ అదే. లాజరుకు మిగిలింది ఆ ఒక్క మూట. అదీ పోతే ఈసారి వాన పడ్డా చేలో వేయడానికి గింజ ఉండదు. పందికొక్కుకు ఈ బాధలేవీ పట్టవు. రోజూ వచ్చి గోనెకు కొత్త బొక్క పెట్టి పోతోంది. పాత ఎయిర్‌గన్‌తో లాజరు ఒకసారి కొట్టాడు కూడా. గుండు ఇటు నుంచి అటు దూరిపోయింది, పందికొక్కు తన దారిన తాను పోయింది.

అందుకే ఈ కొత్త రకం. మొన దగ్గర చిన్న గుంట ఉంటుంది. ఒంట్లోకి దిగగానే పువ్వులా విచ్చుకుని జంతువును అక్కడే పడేస్తాయని డబ్బా మీద బొమ్మ వేసి మరీ చెప్పారు. డబ్బా మాటలు నమ్మే రకం కాదు లాజరు. నానిన సబ్బు మాంసంతో సమానమని ఫోన్‌లో ఎవరో చెప్పిన మాట మాత్రం నమ్మాడు. భార్య ఏసుమణి తల్లికి తోడుగా కడప ఆసుపత్రిలో ఉంది. ఆ తల్లి ప్రసన్నకుమారి లాజరుకు మేనత్త కూడా. అడిగేవాళ్లు లేరు కనుక అత్త దాచుకున్న ఎర్రసబ్బు తీసి నీళ్లలో వేశాడు.

గుండు గురి తప్పి ఎవరికీ తగలకూడదని బాగా ఆలోచించి, మూటను వసారాలో దించి, చర్చి పక్క వేపచెట్టు కిందికి పోయాడు. చెట్టుకు రైలుపట్టా ముక్క వేలాడుతూ ఉంటుంది. ఊళ్లో చర్చిగంట అదే. దాని ముందు బండ మీద సబ్బు నిలబెట్టి కాల్చాడు. గుండు సబ్బును దాటి పట్టాకు తగిలి ఠంగుమంది. ఏరి చూస్తే నిజంగానే విచ్చుకుని ఉంది. ఇనుముకు కొట్టుకుంటే ఏ గుండైనా అట్లాగే అవుతుందని అతనికి తోచలేదు. సంబరపడి ఇంకోటి కాల్చాడు. తర్వాత మరోటి.

ఆదివారం ఆ పట్టాను గబగబా కొడతారు. చావుకైతే ఒక దెబ్బ, కాసేపు మౌనం, మళ్లీ ఒక దెబ్బ. ఎయిర్‌గన్‌నేమో ప్రతిసారీ మధ్యకు మడిచి, గుండు పెట్టి, మూసి, గురి చూడాలి. దానికి సరిగ్గా ఆ కాసేపే పడుతుంది.

లాజరు సబ్బును జేబులో వేసుకుని, తల వంచి అరచేతిలోని గుండ్లు చూసుకుంటూ ఇల్లు చేరాడు. వెనకే పక్కింటి మహిమ ఏడుస్తూ వచ్చింది.

"లాజరన్నా! అత్తను పోగొట్టుకుంటివి కదన్నా!"

గుండ్లు నేల మీద రాలాయి. ఏసుమణి తనకు చెప్పలేక మహిమకు ఫోన్ చేసిందనుకున్నాడు లాజరు.

"నీకు... నీకు ముందే తెలిసిపాయనా?"

"నాకేమి, ఊరందరికీ తెలిసిపాయ."

ఏసుమణికి ఫోన్ చేశాడు. స్విచ్ఛాఫ్ అని వచ్చింది. దాంతో ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. తల్లి లేని తనను పెంచింది ఆ అత్తే. తిడుతూనే సంగటి ముద్ద చేతిలో పెట్టేది. అలాంటి మనిషి సబ్బును కూడా కాల్చి పాడుచేశానే అని లాజరు గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

పాస్టరు యేసుప్రసాద్ వచ్చి ప్రార్థన చేశాడు. మగవాళ్లు గడ్డపారలతో సమాధులతోటకు పోయారు. చావింట్లో పొయ్యి వెలిగించరు కనుక ఆడవాళ్లు మహిమ వాకిట్లో సంగటికి ఎసరు పెట్టారు. సంగటిలోకి ఏం చేయాలా అని చూస్తుండగా మహిమకు వసారాలో వేరుశనగ మూట కనబడింది.

"చూడండక్కా, ఇంత దుఃఖంలోనూ వచ్చినోళ్ల కోసరం బుడ్డల మూట బైట పెట్టినాడు."

అందరూ కళ్లు తుడుచుకుని మూట విప్పారు. ఒలిచి, వేయించి, మిరపకాయలు వేసి ఊరిబిండి పచ్చడి నూరారు. కరువు రోజులు కదా, వచ్చినవాళ్లెవరూ మొహమాటపడలేదు.

పొద్దు వాలుతుండగా ఆటో వచ్చి ఆగింది. ఆడవాళ్లంతా ఒక్కసారిగా గొల్లుమన్నారు. బిక్కమొహంతో ఏసుమణి దిగింది. ఆమె భుజం పట్టుకుని ప్రసన్నకుమారి దిగింది.

"ఎవరు పోయిరే?" అంది ప్రసన్నకుమారి.

ఏడుపు ఆగిపోయింది. పాస్టరు బైబిలు మూశాడు.

"నువ్వే అత్తా," అన్నాడు లాజరు.

"ఆసుపత్రోళ్లు పంపించిరి. ఫోన్‌లో చార్జింగ్ అయిపాయ," అంది ఏసుమణి కంగారుగా. "ఎవరు చెప్పినారు మీకు?"

"లాజరన్న గంట కొట్టె కదా!" అంది మహిమ.

"నేనా? గంటనా?" లాజరు జేబులోంచి బొక్కలు పడ్డ సబ్బు తీశాడు. పొద్దున్నుంచీ జరిగిందంతా చెప్పుకొచ్చాడు. ఎవరూ నవ్వలేదు. సమాధులతోటలో గుంత తవ్వి గడ్డపారతో వచ్చిన ఊరి కుర్రాడు ఏసుకుమార్ చొక్కా చెమటతో ముద్దయి ఉంది.

"గుంత పూడ్చేదా అత్తా?" అన్నాడతను.

"వద్దులేప్పా. రాతి నేల. మళ్లా తవ్వల్లంటే కష్టం," అంది ప్రసన్నకుమారి. "ముందు నాకింత సంగటి పెట్టండి."

ఆసుపత్రిలో గంజి కూడా దిగని మనిషి ముద్ద వెంట ముద్ద తింటుంటే లాజరుకు ప్రాణం లేచివచ్చింది. ఎదురుగా కూర్చుని తనే వడ్డించాడు.

"ఊరిబిండి శానా బాగుండాది. యాడివిరా ఈ బుడ్డలు?"

లాజరు వసారా వైపు చూశాడు. గోనెను ఎవరో శుభ్రంగా దులిపి, నాలుగు మడతలు వేసి గోడ మీద పెట్టారు. పడమట మబ్బు కమ్ముకుని, తడిమట్టి వాసన వస్తోంది.

"మనవే అత్తా," అన్నాడు. ఇంకాస్త ఊరిబిండి వడ్డించాడు. "తిను."

డబ్బాలో గుండ్లు మిగిలాయి, గదిలో పందికొక్కు మిగిలింది. ఆ రెండింటికీ ఇక పని లేదు.