రెండు పనిదినాలు

కాలాన్ని కనిపెట్టినవారెవరో చరిత్రకు తెలియదు. దాన్ని ఆపడం కనిపెట్టినవారు మాత్రం సౌరవిద్యుత్ అమరిక కార్యాలయంవారేనని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను. శాస్త్రవేత్తలు ప్రయోగశాలల్లో తలలు బద్దలు కొట్టుకున్నా సాధించలేనిదాన్ని వీళ్ళు ఒక్క రబ్బరు స్టాంపుతో సాధించారు. (స్టాంపులో సిరా అయిపోయిన రోజుల్లో ఇంకా బాగా సాధించారు.)

ఇంటి మీద సోలార్ పెట్టించుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుందని మీరెవరిని అడిగినా రెండు రోజులంటారు. కార్యాలయం గోడ మీద అదే రాసి ఉంటుంది. ఫోనులోని యాప్ కూడా అదే అంటుంది. నాకంటే ముందే పెట్టించుకున్న మా బావమరిదిని అడిగాను. వాడు ఒకసారి దగ్గి, "రెండు రోజులే బావా," అన్నాడు. జలుబు చేసిందనుకుని, ఆవిరి పట్టమని సలహా ఇచ్చాను. బావ బతుకు కోరేవాడు బావమరిది అని పెద్దలు ఊరికే అన్నారా?

మాకు సోలార్ సరదా కాదు. మా ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ముందు గదిలో మూడు మోటారు మిషన్లు, సాయానికి ఇద్దరు ఆడవాళ్ళు. ఏటా ఒక బడివాళ్ళు పిల్లల యూనిఫారాలన్నీ ఆవిడకే ఇస్తారు. ఈసారి రెండు వందల నలభై జతలు. బడి తెరిచే రోజు పొద్దుటికల్లా అందాలి. ఒక్క రోజు ఆలస్యమైనా వచ్చే ఏడు రెడీమేడ్ కంపెనీకి ఇచ్చేస్తామని హెడ్‌మిస్ట్రెస్ నవ్వుతూనే చెప్పింది. పన్నెండేళ్ళలో మా ఆవిడ ఒక్క బొత్తాం కూడా ఆలస్యం చేసి ఎరగదు. కానీ ఈ ఏడు కరెంటువాళ్ళు రోజూ పదకొండు నుంచి మూడు దాకా కోత మొదలుపెట్టారు. (వాళ్ళు కోత అనరు, 'సరఫరాకు విశ్రాంతి' అంటారు.) అందుకని బ్యాటరీతో సహా సోలార్‌కి దరఖాస్తు పెట్టాను. బడి తెరవడానికి అప్పటికింకా అయిదు నెలలుంది.

"రెండు రోజుల పనికి అయిదు నెలల ముందే పరిగెత్తారే! ఇంత ముందుచూపు మీకెప్పట్నించండీ?" అంది మా ఆవిడ. నేను మీసం సవరించుకున్నాను.

ఉన్నమాట చెప్పాలి. మొదటి వారంలోనే సోలార్ మేస్త్రీ వచ్చాడు. ఎనిమిదింటికి నిచ్చెన వేసి, భోజనాల వేళకి ఎనిమిది పలకలూ మేడ మీద బిగించేశాడు. బ్యాటరీని మెట్ల కింద కూర్చోబెట్టాడు.

"ఇక స్విచ్చి వేసుకోవడమేనా?" అన్నాను ఉత్సాహంగా.

"అమ్మో, వెయ్యకూడదండి. మా పని ఒక్క పూటదే. మీటరు మార్చి సీలు వెయ్యాలి కదా, అదంతా కాగితాల పని," అన్నాడు. నిచ్చెన భుజానికెత్తుకుని వెళ్తూ వెనక్కి తిరిగి నావైపు జాలిగా చూశాడు. ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఆ సాయంత్రం యాప్‌లో 'పూర్తయిన రోజులు: ఒకటి. మిగిలినవి: ఒకటి. అభినందనలు!' అని వచ్చింది. మర్నాడు చూస్తే అదే ఉంది. నెల తర్వాత చూసినా మిగిలింది ఒక్క రోజే. ఇక లాభం లేదని కార్యాలయానికి వెళ్ళాను. నన్ను కాలగణనాధికారి గదిలోకి పంపారు. ఆయన బల్ల మీద గడియారం ఆగిపోయి ఉంది. (పాడైందేమో అనుకునేరు, అది నిబంధనల ప్రకారమేనట.)

"నెల దాటిపోయిందండీ," అన్నాను.

"నెల మీకు దాటిందండి. మీ ఫైలుకి దాటలేదు," అని ఆయన నియమావళి తెరిచి ఏడో నియమం మీద వేలు పెట్టి చూపించాడు. 'పని జరిగిన దినమే పనిదినము. పని జరగని దినము లెక్కలోనికి రాదు.'

"మరి మధ్యలో ముప్ఫై రోజులు ఏమైనట్టండీ?"

"అవి లేవండి."

"నేను బతికాను కదండీ వాటిలో!"

"అది మీ వ్యక్తిగత విషయం," అన్నాడాయన మర్యాదగా, నాకు మంచినీళ్ళు తెప్పిస్తూ.

మీటరు మార్చాలంటే ముందు పలకల మీద నీడ పడటం లేదని తేల్చాలట. అందుకు నీడల పరిశీలకుడని ఒకాయన ఉన్నాడు. మూడో నెలలో ఆయన టేపూ గొడుగూ పట్టుకుని మా మేడెక్కాడు. ఆ రోజు మబ్బు పట్టి ఉంది. చాలాసేపు అటూ ఇటూ తిరిగి, 'నీడ కనబడుట లేదు. అయితే నీడ లేదని నిర్ధారించుటకు ఎండ కావలెను. ఎండ కూడా కనబడుట లేదు' అని రాసుకుని దిగిపోయాడు. మళ్ళీ దరఖాస్తు పెట్టాను. రెండోసారి వచ్చినప్పుడు ఎండ మాడు పగలగొడుతోంది. పాపం ఆయన గొడుగు వేసుకున్నాడు. మూడో పలక మీద నల్లగా ఒక నీడ కనిపించింది. దాన్ని నాలుగు వైపులా కొలిచి, 'గొడుగు నీడ ఒకటి గలదు' అని నమోదు చేశాడు.

"అది మీ గొడుగేనండీ!" అన్నాను.

"ఎవరిదని కాలమ్‌లో అడగలేదండి. నీడ ఉందా లేదా అనే అడిగారు," అన్నాడు.

రాసింది కొట్టేయడానికి వీల్లేదట. గొడుగు తొలగించినట్టు ఆ గొడుగు సొంతదారు నుంచి నేను ధ్రువపత్రం తేవాలట. సొంతదారు ఎదురుగానే ఉన్నాడు కదా అని కాగితం చాపాను. విధి నిర్వహణలో ఉండగా సొంత విషయాల మీద సంతకం చేయకూడదన్నాడు. మర్నాటి నుంచి ఆయనకి మూడు వారాల సెలవు. సెలవులో ఉన్నవాడి దగ్గరికి ఆఫీసు కాగితం తీసుకెళ్ళకూడదు. ఆయన తిరిగొచ్చి ఒక సాయంత్రం బస్టాపులో నిలబడి సంతకం పెట్టేసరికి నాలుగో నెల గడిచిపోయింది. యాప్ మాత్రం, 'మీ అమరిక చురుగ్గా సాగుతోంది. మిగిలినది ఒక్క రోజే' అంటూనే ఉంది.

ఈలోపల మా ఆవిడ ఊరుకోలేదు. అటక మీది నుంచి వాళ్ళమ్మ తొక్కుడు మిషను దింపించి, కీళ్ళకి నూనె పోసింది. రోజూ పదకొండింటికి మోటార్లు ఆగగానే దాని ముందు కూర్చునేది. మూడింటి దాకా తొక్కేది. మూడు వారాలకి కుడి మోకాలు వాచింది. ఒకరోజు నేను యాప్ చూసుకుంటూ గదిలోకి వెళ్తే, ఎడంకాలితో తొక్కుతూ కుడికాలు పీట మీద చాపుకుని ఉంది. నాకు సిగ్గేసింది. మేడ మీద ఎనిమిది పలకల ఎండ ఉత్తినే పోతుంటే, కింద ఈ మనిషి తన మోకాలు అరగదీసుకుంటోంది.

"ఇంకా ఎన్ని జతలున్నాయే?"

"ఎనభై. మీ రెండో రోజు ఎప్పుడొస్తుందో కనుక్కోండి," అంది తలెత్తకుండా.

బడి తెరవడానికి పదహారు రోజులుంది. ఆ రాత్రే కూర్చుని ఆరు పేజీల ఫిర్యాదు రాశాను. తేదీలన్నీ వేశాను. గొడుగు సంగతికి ఒక పేజీ ప్రత్యేకంగా కేటాయించాను. పొద్దున్నే అది జేబులో పెట్టుకుని కాలగణనాధికారి ముందు కూర్చున్నాను. నేను జేబులో చెయ్యి పెట్టేలోపే ఆయన ఒక కాగితం నావైపు జరిపాడు.

"మీదంతా అయిపోయిందండి. దీని మీద సంతకం పెడితే రేపే మీటరు."

చదివాను. 'నా ఇంట అమరిక రెండు పనిదినములలో పూర్తి అయినది. నేను మిక్కిలి సంతృప్తి చెందితిని. ఎవరడిగినను ఇదే చెప్పగలవాడను.'

"ఇంకా పూర్తి కాలేదు కదండీ!"

"పూర్తయిందని మీరు రాసిస్తేనే కదండీ పూర్తి చేసేది."

"రెండు రోజులేమిటండీ? అయిదు నెలలు కావస్తోంది! నేను సంతకం పెట్టను."

"పర్వాలేదండి," అన్నాడాయన ఎంతో ఆప్యాయంగా. "మాకేం తొందర లేదు."

తొందర లేనివాడితో పోట్లాడి గెలిచినవాడు లోకంలో లేడు. నాకు పీట మీద చాపిన కాలు గుర్తొచ్చింది. ఆరు పేజీలు జేబులోనే ఉంచి, కలం మాత్రం బయటికి తీశాను.

మర్నాడు పది నిమిషాల్లో మీటరు మార్చి, అనుమతి కాగితం నా చేతిలో పెట్టారు. పదకొండింటికి వీధంతా కరెంటు పోయింది, మా ముందు గదిలో మూడు మిషన్లూ ఆగలేదు. మా ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఒక నిమిషం వాటి చప్పుడు వింటూ కూర్చుంది. యూనిఫారాలు బడి తెరిచే ముందురోజు సాయంత్రానికి అందాయి. ఆవిడ కుంటుతూనే వెళ్ళి ఇచ్చి వచ్చింది.

"రెండు రోజులని రాసిచ్చారటగా?" అంది వచ్చాక.

"రాశాను."

"నా మోకాలిని అడిగితే వేరే లెక్క చెబుతుంది," అని లోపలికి వెళ్ళిపోయింది.

కోపంతో బావమరిదికి ఫోను చేశాను. "నిజం చెప్పరా. నీకు ఎన్నాళ్ళు పట్టింది?"

చాలాసేపు దగ్గాడు. "పదకొండు నెలలు బావా."

"ఏడ్చినట్టుంది! మరి అప్పుడే చెప్పొచ్చు కదరా!"

"సంతకం పెట్టాను కదా బావా. నీ అనుమతి కాగితం వెనక్కి తిప్పి చూసుకో."

తిప్పి చూశాను. 'ఈ కనెక్షను తాత్కాలికము. కొత్త దరఖాస్తుదారులు మీకు ఫోను చేసి విచారించెదరు. మీరు చెప్పు సమాధానమును బట్టి శాశ్వతము చేయబడును, లేదా తొలగించబడును.' కింద నా ఫోను నంబరు అచ్చేసి ఉంది.

వారం తిరక్కుండానే ఫోను మోగింది. కళ్ళజోళ్ళ అద్దాలు అరగదీసే పని చేస్తాడట ఆయన. కరెంటు పోయినప్పుడల్లా మిషను మధ్యలో ఆగి అద్దం పాడైపోతోందట. ఒక కంటి ఆసుపత్రికి మూడు నెలల్లో నాలుగు వందల జోళ్ళు ఇస్తానని ఒప్పుకున్నాడట.

"మీ నంబరు ఆఫీసువాళ్ళే ఇచ్చారండి. ఉన్నదున్నట్టు చెప్పండి. అసలు ఎన్నాళ్ళు పడుతుంది?"

ముందు గదిలో మూడు మిషన్లూ నడుస్తున్నాయి. మా ఆవిడ మోకాలికి పట్టీ కట్టుకుని నావైపే చూస్తోంది. నేను ఒకసారి దగ్గాను.

"రెండు రోజులండీ," అన్నాను.

"అమ్మయ్య, బతికించారు," అన్నాడాయన. పాపం మంచివాడు, పెట్టేసే ముందు జలుబు తగ్గడానికి ఆవిరి పట్టమని కూడా చెప్పాడు.