మంగతాయి లేవనంది

ఒక పెద్ద అడవిలో సగం కాలిపోయింది. మిగిలిన సగంలో సంక్షేమ మండలి ఏర్పడింది. నిప్పు ఎవరు పెట్టారన్నది తేలలేదు గానీ, నిప్పు ఆరాక అధ్యక్షుడు ఎవరన్నది మాత్రం ఆ పూటే తేలింది. అడవిదున్న బసవరాజు. ఆయన గొంతుకి మైకు అక్కర్లేదు. కార్యదర్శి కొంగ ధవళయ్య. ఒంటికాలి మీద ఎంతసేపైనా నిలబడగలడు కాబట్టి, పెద్దల రాక కోసం ఎదురుచూసే ఉద్యోగం అతనికి బాగా నప్పింది.

కాలిన వైపు గడ్డి లేదు, పొద లేదు, నీడ లేదు. అయినా కడుపులు పండటం ఆగలేదు. తల్లులు బూడిదలోనే కనేవారు. కన్నవాటిలో చాలావరకు కళ్లు తెరవకుండానే పోయేవి.

అడవిపంది మంగతాయి కిందటి కాన్పు మొత్తం అలాగే పోయింది. ఒక్క పిల్ల మాత్రం సాయంత్రం దాకా పాలకోసం వెతికింది. ఆ సంగతి ఆమె ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఇప్పుడు కడుపు మళ్లీ నేలకు తగులుతోంది. ఈసారి ఆమెకు ఒకటే పట్టుదల. పిల్లలు పడేచోట కింద మెత్తగా ఉండాలి, పైన నీడ ఉండాలి, పక్కన ఒక మంత్రసాని ఉండాలి.

ఇవన్నీ వచ్చాయని కబురు పాకింది. నిప్పు సోకని పైఅడవి వాళ్లు జాలిపడి సాయం పంపారు. మెత్తటి గడ్డి పరుపులు, నీళ్లు నింపుకునే సొరబుర్రలు, నొప్పులకు వేర్లు, వీటితోపాటు కాన్పులు చేసే కొండముచ్చు నాంచారమ్మ. కొండకొక ప్రసూతి కేంద్రం తెరుస్తామని మండలి ప్రకటించింది. నెమలికొండ గుహలో కేంద్రం ప్రారంభమైందని విని, మంగతాయి కడుపు ఈడ్చుకుంటూ అక్కడికి చేరింది.

గుహ ముందు ఒక శిలాఫలకం ఉంది, దాని నీడలో ఒక తాబేలు వాచ్‌మన్ ఉన్నాడు. లోపల గాలి తప్ప ఏమీ లేదు.

"మంత్రసాని ఏదీ?" అంది మంగతాయి.

"ప్రారంభోత్సవానికి వెళ్లిందమ్మా."

"ప్రారంభం అయిపోయిందన్నారుగా?"

"ఇక్కడ అయిపోయింది. గద్దబండ దగ్గర కావాలి. అందుకే వెళ్లింది."

"పరుపులు?"

"అవీ వెళ్లాయి."

"కనీసం నీళ్లయినా ఉన్నాయా?"

"సొరబుర్రల్ని వేదిక మీద పెట్టాలటమ్మా, నిండుగా కనబడుతుందని."

మంగతాయి గుహలోకి మరోసారి తొంగి చూసింది. "మరి ఇక్కడేం మిగిలింది?"

"పేర్లున్నాయి" అన్నాడు తాబేలు, శిలాఫలకం వైపు మెడ సాచి. "సామాను ఒక్క జతే వచ్చిందమ్మా. గుహలు బోలెడు. కొత్త గుహ తెరిచినప్పుడల్లా పైఅడవి వాళ్లు మురిసిపోయి మండలివారికి వెలగపళ్లు పంపుతున్నారు. తెరిచిన గుహను నడిపితే ఎవరు మురుస్తారు? నా మాట విని, ప్రారంభం అయినచోటికి పోకండి. కాబోయే చోటికి పోండి."

సలహా వింతగానే ఉంది. కానీ కడుపులో పిల్లలు అప్పటికే తన్నుకుంటున్నాయి. మంగతాయి గద్దబండ దారి పట్టింది.

గద్దబండ దగ్గర పండగలా ఉంది. గుహ ముందు పందిరి, వేదిక, ఆకుల తోరణాలు. గుహ మూతికి అడ్డంగా ఎర్రపూల తీగ కట్టారు. తీగ వెనక ఆమె కలలో చూసినవన్నీ ఉన్నాయి. మోకాలెత్తు గడ్డి, చల్లటి నీడ, గడ్డి మీద తోక చుట్టుకుని కూర్చున్న నాంచారమ్మ.

"లోపలికి రానా వదినా?" అంది మంగతాయి.

"అయ్యయ్యో, తీగ దాటకు! ముఖ్య అతిథిగారు వచ్చి కత్తిరించాలి."

"దాటితే ఏమవుతుంది?"

"ఏమో. ఇంతవరకూ ఎవరూ దాటలేదు."

"ఇంతవరకూ ఎన్ని కాన్పులు చేశావు?"

నాంచారమ్మ మొహం చిన్నబుచ్చుకుంది. "ఎక్కడ చెయ్యనిచ్చారే? గుహ తెరవకముందు చెయ్యకూడదంటారు. తెరిచాక మూట కట్టమంటారు. మధ్యలో చప్పట్లు కొడతారు చూడు, ఆ కాస్త వ్యవధిలో ఎవరైనా కంటే చేద్దామనే ఉంది."

అంతలో ధవళయ్య రెక్కలు టపటపలాడిస్తూ వచ్చాడు. వెనకే బసవరాజు వచ్చాడు.

"కొంప మునిగింది సార్" అంటున్నాడు ధవళయ్య. "తొలి లబ్ధిదారుగా జింక సుభాషిణిని అనుకున్నాం కదా. కళ్లు పెద్దవి, చూడగానే జాలేస్తుంది. తీరా వెళ్తే ఆవిడకి ఇంకా నెలలు నిండలేదట! ముందే చెప్పొద్దూ?"

"ఈ మధ్య ఎవరికీ బాధ్యత లేదయ్యా" అన్నాడు బసవరాజు. అప్పుడు మంగతాయి మీద ఆయన చూపు పడింది. "ఈవిడ?"

"పంది సార్."

"అది కనబడుతోంది. వేదిక మీదికి పందా?"

ధవళయ్య ఒక కాలు దించి రెండో కాలు ఎత్తాడు. అతను ఆలోచించే పద్ధతి అది. "సార్, జింకైతే ఒక్కదాన్నే కంటుంది. ఈవిడ ఒక్క కాన్పుతో మన లబ్ధిదారుల సంఖ్యను ఎక్కడికో తీసుకెళ్తుంది." తర్వాత మంగతాయి వైపు తిరిగాడు. "మేడమ్, ఎంతమంది ఉండొచ్చు?"

"లోపలికెళ్లి చూడలేదు బాబూ."

"పర్వాలేదు, 'అధిక సంఖ్యలో' అని చెబుతాం. మిమ్మల్నే ఎంపిక చేశాం. శాలువా కూడా ఉంటుంది. ఒక్కటే విజ్ఞప్తి. ముఖ్య అతిథిగారు రాకముందు కనకూడదు. వచ్చాక ఆలస్యం చెయ్యకూడదు."

"అది నా చేతిలో ఉందా?"

"మనసు పెడితే సాధ్యం కానిది లేదమ్మా" అన్నాడు బసవరాజు, ఎన్నడూ కనవలసిన అవసరం లేనివాడి ధీమాతో.

మంగతాయికి ఆ కొమ్ముల మధ్య ఒక్కటి ఇవ్వాలనిపించింది. కానీ గడ్డి తీగకు అవతల ఉంది, తాను ఇవతల ఉంది. పళ్లు బిగించి పందిరి కింద కూలబడింది.

ముఖ్య అతిథి పైఅడవి ఏనుగుగారు. సాయం పంపిన పెద్దమనిషి ఆయనే, మంచివాడే. అయితే దారిలో ప్రతి మంద ఆయనకు దండలు వేసింది. దండ వేసినప్పుడల్లా ఆయన దాన్ని తిన్నాడు. అందువల్ల పొద్దున రావలసినవాడు ఎండ నడినెత్తికెక్కాక వచ్చాడు. వచ్చి, కుర్చీగా వేసిన బండ మీద కూర్చుని, దగ్గర్లో ఉన్న ఆకుల తోరణం అందుకున్నాడు.

మంగతాయికి నొప్పులు మొదలయ్యాయి.

"ముందుగా అధ్యక్షులవారి తొలిపలుకులు" అని ప్రకటించాడు ధవళయ్య.

"తీగ కత్తిరించండి ముందు!" అని అరిచింది మంగతాయి.

"కార్యక్రమంలో అది నాలుగో అంశం మేడమ్."

బసవరాజు గొంతు సవరించుకున్నాడు. అడవి కాలినప్పుడు తన గుండె ఎలా కాలిందో చెప్పాడు. తర్వాత మాతృమూర్తి గొప్పతనం అందుకున్నాడు. తల్లి ఓర్పును భూదేవితో పోల్చాడు, నదితో పోల్చాడు. ఆయన కాళ్ల దగ్గర ఒక తల్లి నేలను గిట్టలతో చీరుతోంది.

"కొంగ బాబూ, ఇక ఆగదు" అంది మంగతాయి.

"మేడమ్, ఉపన్యాసం సగంలో ఉంది. ఊపిరి బిగబట్టండి."

మంగతాయి లేచింది. కిందటిసారి బూడిదలో పాలకోసం వెతికిన ఆ చిన్న మూతి ఆమె కళ్లముందు ఆడింది. శాలువా పోతే పోయిందనుకుని, తల వంచి తీగ మీదికి నడిచింది.

కానీ ఆమె మూతి తగలకముందే తీగ మాయమైంది. తోరణాలు అయిపోయి తొండంతో అటూఇటూ తడుముకుంటున్న ముఖ్య అతిథిగారు దాన్ని పువ్వులతో సహా నోట్లో పెట్టుకున్నారు.

క్షణం పాటు ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. ఇలాంటి సమయాల్లోనే కార్యదర్శి విలువ తెలుస్తుంది. "ప్రారంభమైంది!" అని అరిచి ధవళయ్య రెక్కలు కొట్టాడు. సభంతా చప్పట్లు మోగాయి. ఆ మోతలో మంగతాయి గడ్డి మీద వాలింది.

బయట ఉపన్యాసం సాగుతోంది. లోపల పిల్లలు ఒకటొకటే గడ్డి మీదికి జారుతున్నాయి. బసవరాజు మాట ఆపినప్పుడల్లా ఒక కీచురవం వినిపించేది. సభికులు దానికి చప్పట్లు కొడితే, ఆయన తన ఉపన్యాసానికే అనుకుని తల పంకించేవాడు.

చివరి పిల్ల మాత్రం అరవలేదు. అరచెయ్యంత ఉంది, కదలడం లేదు.

"వదినా" అంది మంగతాయి, పిల్లను మూతితో ఆమె వైపు తోస్తూ.

నాంచారమ్మ గుప్పెడు గడ్డి తీసి పిల్ల వీపు రుద్దింది. తలకిందులుగా పట్టుకుని ముక్కు తుడిచింది. మళ్లీ రుద్దింది. "అరవవే తల్లీ, నా ఉద్యోగంలో మొదటి కాన్పే ఇది. నా పరువు తియ్యకు" అని గొణుక్కుంటూ రుద్దుతూనే ఉంది. బయట బసవరాజు సరిగ్గా అప్పుడే మంటల్లో పోయినవాళ్ల కోసం మౌనం పాటించమన్నాడు. అడవంతా నిశ్శబ్దమైంది.

ఆ నిశ్శబ్దంలో పిల్ల కీచుమంది.

"మౌనం పాటించమంటే ఎవరది?" అని గద్దించాడు బసవరాజు.

మంగతాయి పిల్లల్ని పొట్టకు దగ్గరగా లాక్కుని కళ్లు మూసుకుంది. కాసేపటికి ఒంటి కింద ఏదో కదిలినట్టయింది. కళ్లు తెరిస్తే ఇద్దరు నక్కలు గడ్డి పరుపు రెండు కొసలూ పట్టుకుని చుడుతున్నారు. గుమ్మంలో ధవళయ్య నిలబడి ఉన్నాడు.

"ఏంటిది?"

"మేడమ్, కార్యక్రమం అద్భుతంగా జరిగింది, ధన్యవాదాలు. రేపు తేనెగుట్టలో కేంద్రం తెరవాలి. అతిథిగారు అక్కడికీ వస్తున్నారు. కాస్త పక్కకి జరిగితే పరుపు తీసుకెళ్తారు."

"మీ కార్యక్రమం అయింది నాయనా. నాది ఇప్పుడే మొదలైంది."

"అలా అంటే ఎలాగండీ? తేనెగుట్టలో మాత్రం తల్లులు లేరా? వాళ్ల కష్టం మీకు పట్టదా? మీరొక్కరే అనుభవిస్తారా?"

ఆ మాట మంగతాయికి తగిలింది. నిజమే, అక్కడా తల్లులున్నారు. అక్కడా బూడిదే. ఆమె కాసేపు నక్కల చేతుల్లోని గడ్డి కట్టను చూసింది.

"ఇంత గడ్డి తేనెగుట్ట దాకా మోయగలిగినవాళ్లు, అక్కడి తల్లుల్ని ఇక్కడిదాకా మోసుకురాలేరా?"

ధవళయ్య కాలు మార్చాడు. "తల్లుల్ని మోస్తే ప్రారంభోత్సవం ఎక్కడ చేస్తామండీ?"

"లాగండ్రా" అన్నాడు నక్కలతో.

మంగతాయి కోరలు బయటపెట్టి ఒక్కసారి గుర్రుమంది. ఈనిన పంది ముందు నిలబడే సాహసం ఆ అడవిలో ఎవరూ చెయ్యరు. నక్కలు గడ్డి వదిలేసి గుమ్మం దాకా వెనక్కి నడిచారు.

"మాది కూలిపని సార్" అన్నాడు ఒకడు. "ప్రాణాలిచ్చే పని కాదు."

"నాంచారమ్మా, నువ్వైనా మూట కట్టు!" అన్నాడు ధవళయ్య.

"పేషెంటు లేవకుండా నర్సు ఎలా లేస్తుందయ్యా?" అని నాంచారమ్మ గడ్డిలో ఇంకాస్త లోతుగా కూర్చుంది.

సంగతి బసవరాజు చెవిలో పడింది. ఆయనకు చెమటలు పట్టాయి. సామాను ఇక్కడే ఉంది. రేపు ముఖ్య అతిథి తేనెగుట్టలో ఖాళీ గుహ చూస్తాడు. చూసి, తిరిగి వెళ్తూ నెమలికొండ కూడా చూస్తానంటే?

"వందన సమర్పణ ఎప్పుడండీ?" అని అడిగాడు ఏనుగు. ముఖ్య అతిథి వందన సమర్పణకు ముందు లేవకూడదని ఆయన పద్ధతి. పద్ధతి తప్పని మనిషి.

బసవరాజుకి దారి దొరికింది. వందన సమర్పణ జరగకపోతే సభ ముగియదు. సభ ముగియకపోతే తేనెగుట్ట ఊసు రాదు. "ఇంకా నేను చెప్పవలసింది చాలా ఉంది" అని మళ్లీ మొదలుపెట్టాడు.

మర్నాడు కూడా మొదలుపెట్టాడు. ఆ మర్నాడూ అంతే.

ఈలోగా తేనెగుట్ట నుంచి తల్లులు నడిచి రావడం మొదలైంది. నడవలేనివాళ్లను, ప్రారంభోత్సవాల్లేక పని దొరకని నక్కలు మోసుకొచ్చారు. జింక సుభాషిణి కూడా నెలలు నిండి వచ్చింది.

"లేస్తావా అక్కా?" అంది.

మంగతాయి ముందుగా గుమ్మం వైపు చూసింది. ధవళయ్య ఒంటికాలి మీద సిద్ధంగా ఉన్నాడు. "నువ్వు ముందు పడుకో. తర్వాత నేను లేస్తాను. గడ్డి ఒక్క క్షణం ఖాళీగా కనబడిందంటే ఎత్తుకుపోతారు."

సుభాషిణి పడుకున్నాక మంగతాయి లేచింది. ఆమె వెనక పిల్లలన్నీ వరసగా వెలుగులోకి నడిచాయి. పుట్టగానే అరవని ఆ పిల్ల అందరికంటే గట్టిగా అరుస్తూ చివర్లో నడిచింది.

సుభాషిణి లేచేలోపు కుందేలు పడుకుంది. కుందేలు తర్వాత ఎలుగు పడుకుంది. ఎవరూ కనని రోజున నాంచారమ్మే నడుం వాల్చేది.

వేదిక మీద ఊరికే కూర్చుని విసుగెత్తిన ఏనుగుగారు, తొండంతో వాగు నుంచి నీళ్లు తెచ్చి సొరబుర్రలు నింపడం మొదలుపెట్టారు. "ప్రారంభోత్సవాలు చాలా చూశాను గానీ ఇంత ఉపయోగపడేది చూడలేదు" అన్నారు. బసవరాజు గొంతు పోయింది. పెదవులు మాత్రం కదులుతున్నాయి. దానికీ చప్పట్లు పడుతున్నాయి.

ఏడాది చివర పైఅడవికి కబురు పంపాల్సి వచ్చినప్పుడు ధవళయ్య చాలాసేపు కాళ్లు మార్చుకుని, చివరికి ఇలా చెప్పి పంపాడు: "ఈ ఏడాది గద్దబండలో ఒక ప్రారంభోత్సవం జరిగింది. ఇంకా జరుగుతోంది."

ఆ అడవికి తెలిసొచ్చింది ఇదొక్కటే: ఆస్పత్రి నిలబడాలంటే, అందులో ఎప్పుడూ ఎవరో ఒకరు పడుకునే ఉండాలి.