మొదటి బ్యాచ్ చెప్పని జోస్యం

శుక్రవారం పొద్దున్న కాఫీ తాగుతూ ప్రసూనాంబ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఆదివారం పదింటికి నందిగామలో ఒక హాలు, ఏడు దండలు, ఏడు శాలువాలు, వందమందికి పులిహోర. యూనివర్సిటీ వాళ్లు దూరవిద్యలో కొత్తగా పెట్టిన ఎం.ఏ. జ్యోతిషం కోర్సులో నందిగామ సెంటర్ నుంచి పాసైన మొదటి బ్యాచ్ ఏడుగురికీ సన్మానం. చేసేది ఎవరంటే, ఆ ఏడుగురే.

అది ఆమె పంతం. ముప్పై రెండేళ్లు జగ్గయ్యపేటలో లెక్కల టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఆ కోర్సులో చేరినప్పుడు ఊరు రెండు వైపుల నుంచీ నవ్వింది. జాతకాలు నమ్మేవాళ్లు, "జ్యోతిషం గురుముఖంగా రావాలి గాని పరీక్షలు రాస్తే వస్తుందా? అందులోనూ ఆడవాళ్లకి!" అన్నారు. నమ్మనివాళ్లు, "లెక్కలు చెప్పిన నోటితో ఇదేం చదువండీ మేడమ్?" అన్నారు. ఇంట్లో భర్త ఉమాకాంతం రెండో జట్టు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన ఆయన, ఆమె క్లాసు నుంచి రాగానే "ఇవాళ గ్రహాలన్నీ హాజరయ్యాయా?" అని అడిగేవాడు. చివరికి పట్టా పోస్టులో వచ్చి, గేటు దగ్గర బట్టల షాపు డిస్కౌంటు కాగితం పక్కన పడింది. యూనివర్సిటీని సన్మానం సంగతి అడిగితే అలాంటిదేమీ లేదన్నారు.

"పెళ్లిళ్లకి దండలు కొంటాం, ఎవరైనా పోతే కొంటాం," అంది ప్రసూనాంబ. "రెండేళ్లు కళ్లు పోయేలా చదివినవాళ్లకి కొంటే తప్పేంటండీ? ఎవరూ వెయ్యకపోతే మేమే వేసుకుంటాం."

కాఫీ గ్లాసు కింద పెట్టేలోగా కొండలరావు ఫోన్ చేశాడు. ఆయన ఈమధ్యే రిటైరైన ఆర్టీసీ కండక్టరు, ఉండేది నందిగామలో, కోర్సులో ఆమె పక్క బెంచీ.

"మేడమ్ గారండీ, హాల్లో మోటారు కాలిపోయిందంటండి. నీళ్లు మనమే తెచ్చుకోవాలంట. పైగా ఆదివారం పదకొండింటికి లైను పనుందని కరెంటు తీస్తారంట, పేపర్లో వేశారు. పోనీ ఇంకో వారానికి మార్చేద్దామా?"

"మార్చేది లేదు కొండలరావుగారూ. చీకట్లోనైనా వేసుకుందాం దండలు. మన బ్యాచ్ గ్రూపులో మెసేజ్ పెడతా, ఉండండి."

పెట్టింది. "ఆదివారం పదింటి నుంచి నందిగామలో నీళ్లుండవు. ఎవరి నీళ్లు వాళ్లు తెచ్చుకోవాలి. పదకొండుకి కరెంటు పోతుంది. ఎవరూ భయపడవద్దు." హాలు అన్న మాట రాయలేదు. అందరికీ తెలిసిన సంగతిని మళ్లీ రాయడం ఆమెకి లెక్కల్లోనే అలవాటు లేదు. కింద మాత్రం, పట్టా వచ్చాక మొదటిసారి, పూర్తిగా సంతకం చేసింది: "ప్రసూనాంబ, ఎం.ఏ. జ్యోతిషం, మొదటి బ్యాచ్, ప్రథమ స్థానం."

ఆ సంతకం చూసి కొండలరావుకి ఛాతీ పొంగింది. తన బ్యాచ్‌లో ఎలాంటివాళ్లున్నారో నలుగురికీ తెలియాలని, "మా టాపర్ గారు" అని పైన ఒక ముక్క చేర్చి తన కాలనీ గ్రూపులో పడేశాడు. కాలనీ దాన్ని చుట్టాలకి పంపింది. చుట్టాలు ఊళ్లకి పంపారు. సాయంత్రానికి అది "యూనివర్సిటీ జ్యోతిష్కులు ఏడుగురు కలిసి గుణించి చెప్పిన మాట" అయి, ప్రసూనాంబ ఫోన్‌కే తిరిగి వచ్చింది. పూర్తిగా చదవకుండానే ఆమె ఇంకెవరో ప్రసూనాంబ అనుకుంది.

శనివారం పొద్దున్నే వీరులపాడు నుంచి బసవమ్మ ఫోను. ఆవిడ మనవరాలికి ఒకప్పుడు ప్రసూనాంబ లెక్కలు చెప్పింది.

"టీచరమ్మా, రేపు మా గేదెలకి నీళ్లు పెట్టొచ్చా?"

"గేదెలకి నీళ్లు పెట్టకపోతే ఎట్లా బసవమ్మా? శుభ్రంగా పెట్టుకో."

"అమ్మయ్య! గేదెలకి దోషం లేదన్నమాట."

అరగంటలో "గేదెలకు మినహాయింపు" అని ఇంకో మెసేజ్ బయల్దేరింది. అప్పుడు అర్థమైంది ప్రసూనాంబకి. వెంటనే సవరణ రాసి, తెలిసిన ప్రతి గ్రూపులోనూ పెట్టింది: "నిన్నటిది జోస్యం కాదు. మోటారు కాలిపోయింది, అంతే. దయచేసి నమ్మకండి."

గంటలో అది "మొదటి బ్యాచ్ రెండో హెచ్చరిక" అయింది. మోటార్లు కాలిపోతాయట. రెడ్డిగూడెం రైతులు పొలాల్లో మోటార్లు ఆపేశారు. నందిగామ వాళ్లు మాత్రం, ఎటూ కాలిపోయే మోటారే గనక, కాలేలోగా ఇంట్లో ఉన్న ప్రతి పాత్రా నింపుకోవాలని తీర్మానించుకున్నారు.

పెరట్లో చప్పుడైతే ప్రసూనాంబ వెళ్లి చూసింది. ఉమాకాంతం రెండు డ్రమ్ములకి నీళ్లు పడుతున్నాడు.

"మీరు కూడానా? పైగా మనది జగ్గయ్యపేట!"

"నమ్మి కాదు ప్రసూనా," అన్నాడాయన పైపు వదలకుండా. "జాగ్రత్తకి."

ఆదివారం భార్యాభర్తలిద్దరూ నందిగామ బస్సెక్కితే సగంమంది ఒళ్లో నీళ్ల క్యాన్లున్నాయి. వాళ్లు దిగేసరికే ఊళ్లో కావలసినదంతా అయిపోయింది. తెల్లవారుజాము నుంచి ఇంటింటా మోటార్లు ఒకేసారి తిరగడంతో, ఆ బరువు తట్టుకోలేక తొమ్మిదింటికి ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మంది. పది నిమిషాలు తక్కువ పదికి ఊరి ట్యాంకు అడుగంటింది. నందిగామలో పదింటికి నీళ్లు లేవు. పదకొండు దాకా ఆగకుండా కరెంటూ పోయింది.

వందమంది పట్టే హాలు ముందు ఆరేడు వందలమంది ఉన్నారు. కొందరి చేతుల్లో పూలు, కొందరి చేతుల్లో ఖాళీ బిందెలు. మధ్యలోంచి దారి చేసుకుంటూ ఎస్సై దేవరాజ్, ఆయన వెనక నీళ్ల సరఫరా చూసే ఇంజినీరు జాయిస్ వచ్చారు. జాయిస్ పదో తరగతిలో ప్రసూనాంబ దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్లే.

"ఈ మెసేజ్ పెట్టింది మీరేనాండీ?" ఎస్సై ఫోన్ చూపించాడు. "పుకార్లు లేపి జనాన్ని కంగారు పెట్టారని కంప్లైంట్ వచ్చింది."

"మేడమ్, నాలుగు రోజుల నీళ్లు నాలుగు గంటల్లో లాగేశారు," అంది జాయిస్ ఏడుపు గొంతుతో.

కొండలరావు ప్రసూనాంబ చెవి దగ్గరికి వంగాడు. "మేడమ్ గారండీ, కాదనకండి. అక్షరం పొల్లుపోకుండా జరిగింది. కంప్లైంట్ దేవుడెరుగు, మన చదువుకి ఇంతకన్నా సర్టిఫికెట్ ఎక్కడ దొరుకుద్దండీ?" మిగతా అయిదుగురూ ఆశగా తలలూపారు.

ప్రసూనాంబ జనం వంక చూసింది. ఒక్క "ఔను" చాలు. రెండేళ్ల నవ్వులూ ఈ గుమ్మంలోనే ఆగిపోతాయి. గురుముఖం అన్నవాళ్లు ముందు వరసలోనే ఉన్నారు, చేతులు కట్టుకుని. ఆమె చేతిలో నీళ్ల సీసా ఎత్తి ఒక గుక్క తాగి, మెట్లెక్కి నిలబడింది. మైకు లేదు. ఆమె గొంతుకి ఏనాడూ అక్కర్లేదు.

"నిశ్శబ్దం!"

ఆరేడు వందలమందీ తొమ్మిదో తరగతి అయిపోయారు.

"నేను ఏ జోస్యమూ చెప్పలేదు. ఈ హాల్లో మోటారు కాలింది. కరెంటు సంగతి పేపర్లో పడింది. మీ ట్యాంకు ఖాళీ చేసింది శనీ కాదు, రాహువూ కాదు, మీ బిందెలు. ఇంటికి పది బిందెలు ఎక్కువ పట్టుకుంటే ఎన్ని వేల బిందెలో మీరే గుణించుకోండి. పంచాంగం లెక్క కట్టడం నాకొచ్చు. గ్రహణం ఎప్పుడో నిమిషంతో సహా చెప్తా. మీ కుళాయి సంగతి మా సిలబస్‌లో లేదు."

ఆమె సీసా మూత బిగించింది.

"ఇంకో మాట. ఆడదానివన్నారు, చేరా. లెక్కల టీచరువన్నారు, చదివా. ఈ కొండలరావుగారు డ్యూటీ దిగి, యూనిఫాంలోనే క్లాసుకొచ్చేవారు. ఇవాళ మమ్మల్ని గొప్పోళ్లని పొగిడినా మాకొద్దు, పనికిమాలినోళ్లని తిట్టినా మేం పడం. మేం పాసయ్యాం. దండలు వేసుకుంటాం. ఎస్సైగారూ, కేసు పెట్టుకుంటే పెట్టుకోండి. నేను మాత్రం దండ వేసుకున్నాకే వస్తా."

ముందుగా చప్పట్లు కొట్టింది ఉమాకాంతం. పెళ్లాం మాటకి ఆయన చప్పట్లు కొట్టడం ముప్పై నాలుగేళ్ల కాపురంలో అదే మొదలు. ఆమె ఆయన వైపు ఒక్క క్షణం చూసి, చూపు తిప్పేసుకుంది.

అంతలో వెనకనుంచి ఎవరో అరిచారు. "అదంతా సరేనమ్మా! మళ్లీ నీళ్లెప్పుడొస్తాయో చెప్పు!"

"నాలుగింటికి వస్తాయండీ," అంది జాయిస్.

"నువ్వు కాదమ్మాయ్, ఆవిణ్ణి చెప్పమను!"

బిందెలు మోగడం మొదలైంది. ఎస్సై టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. పక్కకొచ్చి మెల్లగా అన్నాడు. "మేడమ్, మీరే ఇంకో మెసేజ్ పెట్టండి. మీ పేరుతోనే. లేకపోతే వీళ్లు కదలరు."

"ఇందాకేగా పుకారన్నారు?"

"ఇది డిపార్ట్‌మెంటు పుకారనుకోండి."

ప్రసూనాంబ జాయిస్ వైపు తిరిగింది. "ట్యాంకు నిండటానికి ఎంతసేపే?"

"మూడు గంటలు మేడమ్."

"కరెంటు?"

"ఒంటిగంటకి ఇస్తామన్నారు."

"లెక్క సరిగ్గానే కట్టావు. మెసేజ్ పెడతాను ఎస్సైగారూ. కాకపోతే ముందు దండలు. మా ఏడుగురికీ వెయ్యాల్సింది మీరిద్దరే."

కేసు పెట్టడానికి వచ్చిన ఎస్సై, ఏడవడానికి సిద్ధంగా ఉన్న ఇంజినీరు, అందరూ చూస్తుండగా ఏడు దండలు వేసి, ఏడు శాలువాలు కప్పారు. కొండలరావు తన దండని తీయనివ్వకుండా రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ప్రసూనాంబ మెళ్లో దండతోనే మెసేజ్ కొట్టింది. ఈసారి ఒక్క మాట కూడా మిగల్చలేదు: "నందిగామ ఊళ్లో కుళాయిలకు ఈరోజు సాయంత్రం నాలుగు గంటలకు నీళ్లు వస్తాయి. ఇది జోస్యం కాదు, నా మాట కాదు. లెక్క కట్టి చెప్పింది ఇంజినీరు జాయిస్ గారు."

జనం ఇళ్లకి వెళ్లారు. ఎస్సై కంప్లైంటు కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, పులిహోర తిని మరీ వెళ్లాడు. నాలుగింటికి రెండు నిమిషాల ముందే నందిగామ కుళాయిలు బుసకొట్టాయి.

సోమవారం పొద్దున్న జాయిస్ ఆఫీసుకి వెళ్లేసరికి, గుమ్మం ముందు పదకొండుమంది జాతక చక్రాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. కుళాయి మీద ఫిర్యాదుతో మాత్రం ఒక్కరూ రాలేదు.